రహీం సాబ్: ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు ఎగరేసుకుపోతున్నా.. ఆసియానే గెలిచిన హైదరాబాద్ బడిపంతులు

ఫుట్‌బాల్ సీజన్ అయిపోయిందంటే చాలు.. ఫోన్లలో అసలు ఆట మొదలవుతుంది. ఎవరు ఉంటారు, ఎవరు పోతారు అనే ఆట అది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కప్పు కొట్టింది. కొన్ని నెలలు తిరక్కుండానే రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్ కోల్‌కతా ఫ్లైట్ ఎక్కేశాడు. మరుసటి ఏడాది లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి వెళ్లిపోయాడు. ఫార్వర్డ్ పోతే ఇంకొకడు దొరుకుతాడు, డిఫెండర్ పోతే గోడే కూలిపోతుందని ఫ్యాన్స్ ఒకటే గొడవ. బెజవాడలో కూర్చుని మ్యాచ్‌లు చూసే కుర్రాళ్లకీ ఈ గొడవ కొత్తేం కాదు.

కానీ ఈ గొడవ ఐఎస్‌ఎల్‌తో పుట్టింది కాదు. డెబ్బై ఏళ్ల కిందటే తెలుగు నేల మీద ఇదే కథ నడిచింది. అప్పుడూ ఆటగాళ్లు హైదరాబాద్‌లో తయారయ్యేవాళ్లు, కలకత్తా పట్టుకుపోయేది. వాళ్లను తయారుచేసిన మనిషి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్'లో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర ఆయనదే. సినిమా చూసినవాళ్లలో కూడా ఆయన మన హైదరాబాదీ అని తెలిసినవాళ్లు ఎంతమంది?

బడిలో పాఠం, సాయంత్రం బంతి

రహీం పుట్టింది 1909 ఆగస్టు 17న, హైదరాబాద్‌లో. నిజాం జమానా. చదువు ఉస్మానియాలో. యూనివర్సిటీ జట్టుకు ఆడారు, తర్వాత ఊళ్లో మంచి పేరున్న కమర్ క్లబ్బుకు ఆడారు. ఆటగాడిగా బాగా ఆడేవారే గానీ దేశమంతా పేరు మోగేంత కాదు. పొట్టకూటికి టీచర్ ఉద్యోగం. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బళ్లో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు.

ఇక్కడే అసలు మలుపు. మైదానంలో పిల్లలతో రోజూ గడిపే మాస్టారికి, ఏ పిల్లాడికి ఏం చేతనవుతుందో, ఏం చేతకాదో కంటి ముందే కనిపిస్తుంది. బ్రిటిష్ వాళ్ల దగ్గర నేర్చుకున్న ఆట మనవాళ్లది. ఎత్తుగా కొట్టడం, వెనకాల పరుగెత్తడం, ఒంటి బలంతో గుద్దుకోవడం. మన పిల్లలకు ఆ ఒడ్డూ పొడుగూ లేదు. మరి గెలవాలంటే ఎలా? బంతిని నేల మీదే ఉంచాలి. కాలికి తగిలిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇదీ రహీం లెక్క.

చెప్పి ఊరుకోలేదు. దాని కోసం వింత వింత పోటీలు పెట్టారు. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే పాస్ చేయాల్సిందే. ఇంకో టోర్నమెంట్‌లో బలం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో తన్నాలన్నమాట. గ్రౌండ్ చుట్టూ చేరినవాళ్లకు మొదట్లో ఇది నవ్వులాటలా ఉండే ఉంటుంది. కానీ రెండు కాళ్లతో ఆడగలిగే కుర్రాళ్లు ఇలాగే తయారయ్యారు. ఇవాళ లక్షలు ఫీజు తీసుకునే అకాడమీలు చేయించే డ్రిల్స్ కూడా దాదాపు ఇవే.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ కుర్చీలో ఆయనే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచింగ్ చేతికొచ్చింది. అదే ఏడాది భారత జట్టు బాధ్యత కూడా.

ఐదేళ్లు.. ఐదు కప్పులు

సిటీ పోలీస్ జట్టు అంటే అప్పట్లో బొంబాయి, ఢిల్లీ జనానికి హడల్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చారు. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు 1950లో, 1954లో, 1957లో. తర్వాత జట్టు పేరు మారి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యాక 1961లో మళ్లీ అదే డ్యూరాండ్, అదీ ఫైనల్లో మోహన్ బగాన్‌ను కొట్టి. అంటే ఆ రోజు గెలిచింది బెజవాడ, బందరు వాళ్ల రాష్ట్రం పేరు పెట్టుకున్న జట్టే. కృష్ణా జిల్లాలో క్రికెట్ అంటే సీకే నాయుడు మూలాలు బందరువని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫుట్‌బాల్ విషయంలో మాత్రం మనవాళ్ల జ్ఞాపకం కాస్త పొట్టిదే.

ఆ పోలీస్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయక్ లాంటి ఆటగాళ్లు ఉండేవారు. అజీజుద్దీన్ ఫుల్ బ్యాక్. నూర్ మహమ్మద్ హాఫ్ బ్యాక్, అంటే ఇవాళ్టి లెక్కలో డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. ఇద్దరూ 1952, 1956 ఒలింపిక్స్ రెండింటికీ వెళ్లారు.

కలకత్తా పిలిచిందంటే..

అప్పుడు మన దేశంలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అనే మాటే లేదు. పేరుకు అందరూ అమెచ్యూర్లే. కాంట్రాక్టులు, ఏజెంట్లు, రిలీజ్ క్లాజులు ఏవీ లేవు. మరి ఆటగాడు ఎలా బతకాలి? రైల్వేలోనో, పోలీసులోనో, మిలిటరీలోనో, ఏదో కంపెనీలోనో ఉద్యోగం. ఆ ఉద్యోగమే వాడి కాంట్రాక్టు. హైదరాబాద్‌లో పోలీస్ డిపార్ట్‌మెంట్ ఇచ్చింది అదే. నెలజీతం, ఒంటి మీద యూనిఫాం, ఆట వదిలేశాక కూడా ఉండే కొలువు.

కలకత్తా లెక్క వేరు. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. లక్షల్లో ఫ్యాన్స్. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే మార్కెట్‌లో ఇలిష్ చేప రేటు ఎగిరిపోయేది, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు గిరాకీ. ఇలిష్ అంటే వేరే ఏదో కాదు, మన గోదావరి పులసే. ఇక రొయ్యల సంగతి కైకలూరు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆట అంటే అంత పిచ్చి ఉన్న ఊరు, మంచి ఆటగాడు కనిపిస్తే ఊరుకుంటుందా?

ప్రతి ఏడాదీ సీజన్ ముందు ఆటగాళ్లు ఏ క్లబ్బుకు ఆడతారో సంతకం పెట్టాలి. బెంగాలీలో దీనికి దల్‌బదల్ అని పేరు. జట్టు మార్పిడి అన్నమాట. ఆ రోజుల్లో అక్కడ జరిగిన వేషాలు ఇవాళ్టి ట్రాన్స్‌ఫర్ విండోను మించినవి. అవతలి క్లబ్బు వాళ్ల కంట పడకుండా ఆటగాళ్లను తీసుకెళ్లి దాచేసేవాళ్లు. సంతకం పెట్టే ఆఫీసు దగ్గరికి అభిమానులు గుంపులుగా చేరేవాళ్లు. ఫలానా వాడు మన వైపే అని ఒకడు, కాదు నిన్న రాత్రే అటు దూకేశాడని ఇంకొకడు. ఫోన్ లేదు, ట్వీట్ లేదు. పుకారు మాత్రం ఇప్పటికంటే ఏమాత్రం తక్కువ స్పీడ్‌లో వెళ్లేది కాదు.

ఈ వలలో దక్షిణాది వాళ్లు ముందు నుంచే పడుతూ వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈస్ట్ బెంగాల్‌కు పంచ పాండవులు అని పేరు తెచ్చిన ఐదుగురు ఫార్వర్డ్‌లు.. అహ్మద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధనరాజ్, అప్పారావు. ఐదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే. అప్పారావు మన తెలుగువాడు.

రహీం చేతిలో పెరిగినవాళ్లలో అందరికంటే పెద్ద పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రాడు. రహీం కళ్లలో పడ్డాడు. ప్రాక్టీస్‌కు రోజూ హైదరాబాద్ రావడానికి బస్సు చార్జీలు కూడా లేని పరిస్థితి. అప్పుడు సైకిల్ ఏర్పాటు చేసి రప్పించింది రహీమేనని బలరాం ముసలితనంలో కూడా తలచుకునేవారు. 1956లో ఆ కుర్రాడు హైదరాబాద్ జెర్సీ వేశాడు, ఏడాది తిరక్కుండా మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1957లో? ఈస్ట్ బెంగాల్.

తప్పు పట్టడానికి ఏముంది ఇందులో? బస్సు డబ్బులు లేని ఇంట్లోంచి వచ్చినవాడు కలకత్తా పిలిస్తే వెళ్లకుండా ఎలా ఉంటాడు. 1961లో అదే ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యి లీగ్ టైటిల్ కూడా తెచ్చాడు. ఫ్యాన్స్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. వాడు డబ్బుకు అమ్ముడుపోయాడని ఒక మాట అనేసి ఊరుకుంటారు.

అందరూ వెళ్లలేదు, అది కూడా చెప్పుకోవాలి. నూర్ మహమ్మద్ పోలీస్ జట్టు వదల్లేదు. తర్వాత తరం యూసుఫ్ ఖాన్ కూడా అంతే. బెంగాల్‌లోనే ఇంకో విచిత్రం ఉంది. పీకే బెనర్జీ అంతటి ఆటగాడు ఈస్టర్న్ రైల్వే ఉద్యోగం పట్టుకుని, జీవితాంతం ఆ జట్టుకే ఆడాడు. పక్కనే ఉన్న పెద్ద క్లబ్బులకు ఒక్క సీజన్ కూడా సంతకం పెట్టలేదు. చునీ గోస్వామి ఆడినంత కాలం మోహన్ బగాన్‌కే ఆడాడు. టాటెన్‌హామ్ నుంచి పిలుపు వచ్చినా వెళ్లలేదని కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ గొడవలో రహీం స్థానం ఏంటి? ఆయన చేతిలో డబ్బు సంచి లేదు. ఆటగాడిని ఆపే రూలు లేదు. ఒకడు వెళ్తే ఇంకొకడిని తయారు చేసుకోవడమే. హైదరాబాద్ జట్టు 1956-57లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. బలరాం కలకత్తా వెళ్లాక 1957-58లో కూడా మళ్లీ గెలిచింది.

పైగా ఆయనకు ఇంకో వెసులుబాటు ఉంది. కలకత్తా తీసుకుపోయిన ఆటగాళ్లు నీలం జెర్సీ వేసుకోవాల్సి వచ్చినప్పుడు తిరిగి ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

చెప్పుల్లేని కాళ్ల నుంచి ఒలింపిక్ సెమీస్ దాకా

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్‌పై 1-0 గెలుపు, గోల్ మేవాలాల్‌ది. కోచ్‌గా రహీం మొదటి పెద్ద పరీక్ష పాస్. కానీ మరుసటి ఏడాదే దెబ్బ పడింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1 తేడాతో ఓడారు. చలి దేశం, తడి గ్రౌండ్. మన ఆటగాళ్లలో చాలామంది ఉత్తి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. కోచ్‌కు అంతకంటే పెద్ద అవమానం ఏముంటుంది? ఆ పది గోల్స్ పక్కన రహీం పేరు కూడా ఉంటుంది, అది దాచేస్తే కుదరదు.

నాలుగేళ్లు గడిచాయి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. అదే నెలలో మెల్బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. కొత్త రాష్ట్రం రాజధాని నుంచి వెళ్లిన మాస్టారు భారత జట్టుకు కోచ్. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, బలరాం.. హైదరాబాదీలకు కొదవ లేదు. మొదటి రౌండ్‌లో హంగరీ తప్పుకుంది. డిసెంబర్ 1న క్వార్టర్ ఫైనల్, ఎదురుగా ఆస్ట్రేలియా, సొంత గడ్డ. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. 4-2తో భారత్ గెలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. (డిసెంబర్ 1 అంటే ఆకాశవాణి విజయవాడ కేంద్రం పుట్టినరోజు కూడా, 1948లో మొదలైంది. అది వేరే సంగతి.)

సెమీస్‌లో మళ్లీ యుగోస్లేవియానే. ఈసారి ముందు గోల్ కొట్టింది మనవాళ్లే. కాసేపు స్కోర్ బోర్డు మీద భారత్ ముందుంది. ఆఖరికి 4-1తో ఓడారు. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. నాలుగేళ్ల కిందట పది గోల్స్ తిన్న జట్టు ఇది. ఆ తర్వాత ఇప్పటివరకు భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంత దూరం వెళ్లలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూప్ దాటలేదు. అయినా హంగరీని 2-1 దాకా ఇబ్బంది పెట్టారు, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు. ఆ జట్టులో రహీం కొడుకు హకీం కూడా ఉన్నాడు.

జర్నైల్‌ను ముందుకు పంపిన రోజు

ఇక అసలు కథ. 1962, జకార్తా ఆసియా క్రీడలు.

ఆ జట్టులో వెనక గోడ పేరు జర్నైల్ సింగ్. పంజాబీ. లయల్‌పూర్‌లో పుట్టి, దేశ విభజన గొడవల్లో ఇటు వచ్చిన కుటుంబం. ముందు కలకత్తాలో రాజస్థాన్ క్లబ్‌కు ఆడాడు, 1959లో మోహన్ బగాన్ లాగేసుకుంది. స్టాపర్ బ్యాక్. ఆసియాలోనే అతన్ని దాటి గోల్ దగ్గరికి వెళ్లడం కష్టం అనే పేరు. దల్‌బదల్ రోజుల్లో కలకత్తా ఏ డిఫెండర్ గురించి ఎక్కువ మాట్లాడుకునేదో ఊహించడం కష్టం కాదు.

టోర్నీ సరిగా మొదలవలేదు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయిలాండ్‌పై 4-1 గెలిచారు గానీ ఆ మ్యాచ్‌లో జర్నైల్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0 గెలిచి సెమీస్‌కు చేరారు. ముందు దక్షిణ వియత్నాం.

ఇప్పుడు ఏం చేయాలి? స్టాపర్ అంటే రోజంతా గాల్లో వచ్చే బంతిని తలతో కొట్టే పని, ఎదుటి ఫార్వర్డ్‌తో గుద్దుకునే పని. తల మీద కుట్లున్నవాడిని అక్కడ నిలబెడితే ప్రమాదం. బెంచ్ మీద కూర్చోబెడితే జట్టులో అందరికంటే గట్టివాడు లేనట్టే. ఎవరైనా ఈ రెండిట్లో ఏదో ఒకటి చేస్తారు. రహీం మూడోది చేశారు. జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు!

ఇవాళ ఏ కోచ్ అయినా సెమీఫైనల్ రోజు స్టార్ డిఫెండర్‌ను స్ట్రైకర్‌గా దింపితే లైన్-అప్ బయటకొచ్చిన ఐదు నిమిషాల్లో మీమ్స్ మొదలవుతాయి. కోచ్‌కు మతి పోయిందని ట్రెండింగ్ కూడా అవుతుంది. కానీ రహీం గుడ్డిగా చేసిన పని కాదది. జర్నైల్ కుర్రతనంలో ఫార్వర్డ్‌గా కూడా ఆడినవాడు. ఒళ్లు పెద్దది, భయం తెలియదు. అతను ముందుంటే ఎదుటి డిఫెండర్లు ఇద్దరు అతనికే అతుక్కుంటారు, అప్పుడు పక్కల నుంచి పీకే, చునీ, బలరాంలకు దారి దొరుకుతుంది. వెనకాల అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ ఉన్నారు కదా, మోస్తారు అన్న నమ్మకం.

సెమీస్‌లో 3-2తో గెలుపు. చునీ రెండు, జర్నైల్ ఒకటి.

ఫైనల్ సెప్టెంబర్ 4న. మళ్లీ దక్షిణ కొరియా. బయట పరిస్థితి ఇంకా దారుణం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని భారత క్రీడా అధికారి జీడీ సోంధి తప్పుపట్టారు. అంతే, ఊరంతా భారత్ మీద మండిపడింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. స్టేడియంకు వెళ్లే బస్సులో, బయటివాళ్లకు కనిపించకుండా జర్నైల్ లాంటి సిక్కు ఆటగాళ్లు కింద కూర్చుని వెళ్లాల్సి వచ్చిందని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. సుమారు లక్ష మంది స్టేడియంలో. భారత జాతీయ గీతం వస్తుంటే కూడా ఈలలు, అరుపులు. మనవాళ్ల వైపు గొంతు కలిపింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు.

ఆటగాళ్లకు అప్పటికి పూర్తిగా తెలియని విషయం ఒకటుంది. మాస్టారి ఆరోగ్యం బాగోలేదు. సిగరెట్లు విపరీతంగా తాగే మనిషి. ఊపిరితిత్తులకు క్యాన్సర్. ఫైనల్ ముందు రాత్రి ఆయన ఆటగాళ్లను కూర్చోబెట్టుకుని, తనకు ఒక్క కానుక కావాలని, అది బంగారు పతకమని అడిగారని వాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా చెప్పుకునేవారు. అది ఆఖరి కోరిక అని అప్పుడు వాళ్లకు అర్థం కాలేదు.

ఫైనల్‌కు ఇంకో సాహసం కూడా చేశారు రహీం. జ్వరంతో నీరసపడి ఉన్న గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను తిరిగి దింపారు. ఎత్తైనవాడు, కొరియా వాళ్లు గాల్లో వేసే బంతులకు అతనే మందు అనే లెక్క.

17వ నిమిషంలో పీకే గోల్. మూడు నిమిషాలు గడిచాయో లేదో, కుట్లు పడిన తలతో ఆడుతున్న డిఫెండర్ జర్నైల్ రెండో గోల్ కొట్టాడు. 2-0. స్టేడియం చప్పబడిపోయింది. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చింది గానీ అప్పటికే ఆలస్యమైంది. 2-1. బంగారం మనది.

ఆ రోజు మైదానంలో ఉన్న పదకొండు మందిలో మోహన్ బగాన్ వాళ్లు ఉన్నారు, ఈస్ట్ బెంగాల్ వాళ్లు ఉన్నారు, రైల్వే ఉద్యోగి ఉన్నాడు, ఆంధ్రప్రదేశ్ పోలీస్ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. కలకత్తాలో ఉంటే వీళ్లలో సగం మంది మిగతా సగానికి శత్రువులు. భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో ఆ తర్వాత మళ్లీ స్వర్ణం ముఖం చూడలేదు.

తొమ్మిది నెలలు

జకార్తా నుంచి తిరిగొచ్చాక రహీం ఎక్కువ కాలం బతకలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53. పెద్ద ఆస్తులేం లేవు, ప్రభుత్వ అవార్డులేం లేవు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో. ఆయన శిష్యుల్లో చాలామందికి అర్జున, పద్మశ్రీ వచ్చాయి. వాళ్లకు ఆట నేర్పిన మనిషి పేరు మాత్రం చాలా కాలం పాత ఫుట్‌బాల్ ప్రియుల నోళ్లలోనే ఉండిపోయింది. మైదాన్ సినిమా వచ్చేదాకా కొత్త తరానికి ఆయన ఫొటో కూడా తెలీదు. సినిమా తీసింది హిందీవాళ్లు, అది కూడా గమనించాల్సిందే.

కొడుకు హకీం ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్‌గా చేశారు, ఫిఫా రిఫరీగా పేరు తెచ్చుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టులో చనిపోయారు. బలరాం కలకత్తా వైపే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు. జర్నైల్ 2000లో కెనడాలో.

రహీం పోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ రాత్రికి రాత్రే కుప్పకూలలేదు. ఆయన వేసిన పునాది మీద ఇంకొన్నేళ్లు నడిచింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఈసారి ఆంధ్రప్రదేశ్ అనే పేరుతో. ఆ పేరుతో గెలిచింది ఆ ఒక్కసారే. కానీ కొత్తగా బంతి పట్టే పిల్లల చుట్టూ సాయంత్రాలు తిరిగే మాస్టారు లేడు. వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు, వాళ్ల చోటు నింపే పని మాత్రం నెమ్మదించింది.

1960ల మొదట్లో పోలీస్ జట్టులో ఒక కుర్ర డిఫెండర్ పైకొచ్చాడు. పేరు సయ్యద్ నయీముద్దీన్. తర్వాత భారత జట్టుకు కెప్టెనై, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది అతనే. అర్జున అవార్డు వచ్చింది, కోచ్‌గా మారాక ద్రోణాచార్య కూడా వచ్చింది. అతను హైదరాబాద్‌లోనే ఉంటాడా, కలకత్తా వెళ్తాడా అనే ప్రశ్నకు జవాబు 1966లో దొరికింది. ఆ ఏడాది సంతకం పెట్టింది ఈస్ట్ బెంగాల్‌కు. రెండేళ్లకు మోహన్ బగాన్‌కు.